పెద్దలకు ఆసుపత్రి తోడు: పిల్లలా, జీతం మనిషా, ఆశా కార్యకర్తా, తోటి పెద్దలా – ఏది మేలు?

విశాఖపట్నం మర్రిపాలెంలో మా వీధి చివరి ఇంట్లో ఉండే పెద్దావిడను నేను అప్ప అని పిలుస్తాను. ఆమెకు 74 ఏళ్లు, నాకు 67. రెండేళ్ల కిందట ఆమె పరగడుపు రక్తపరీక్షకు ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్లవలసి వస్తే, బెంగళూరులో ఉన్న ఆమె కొడుకు ఏర్పాట్లన్నీ ఫోనులోనే పూర్తి చేశాడు. ముందురోజే టోకెను తీసుకున్నాడు, ఇంటికి ఆటో పంపించాడు, పరీక్ష డబ్బు కట్టేశాడు. అప్ప మాత్రం రోజూ లేవగానే వేసుకునే షుగరు మాత్రను ఆ రోజు కూడా అలవాటుగా వేసుకుంది. పరగడుపున రమ్మన్నారు కాబట్టి ఏమీ తినలేదు. పది దాటినా ఆమె పేరు పిలవలేదు. ఒళ్లంతా చెమట పట్టి, చేతులు వణుకుతూ బల్ల మీద పక్కకు ఒరిగిపోతుంటే, పక్కన కూర్చున్న ఆమె ఈడు ఆవిడ ఒకరు అది చూసి, కొంగుముడి విప్పి బెల్లం ముక్క తీసి, "ఒలప్పా, ముందు దీన్ని నోట్లో ఏసుకో, నీకు సుగరు పడిపోనాది" అని చేతిలో పెట్టింది. నర్సు వచ్చేసరికి అప్ప తేరుకుని కూర్చుంది.

ఆ సాయంత్రం అప్ప ఈ సంగతి చెప్పినప్పుడు నేను అడిగిన మొదటి ప్రశ్న, అంతమందిలో ఆవిడకే ఎలా తెలిసిందని. ఆవిడకు ఏడాది కిందట అదే వరుసలో అలాగే జరిగిందట. అప్పటి నుంచి బెల్లం ముక్క కట్టుకోకుండా ఇల్లు కదలదట.

ఆ కొడుకును తప్పుపట్టడానికి ఈ విషయం చెప్పడం లేదు. అతడు చేయగలిగినదంతా చేశాడు. కానీ పెద్దవాళ్లను ఆసుపత్రికి చేర్చడంలో ఎవరి సాయం ఎంతవరకు పనికివస్తుందన్న ఆలోచన నాలో ఆ రోజు మొదలైంది. ఈ రెండేళ్లలో మా వీధిలో నాలుగు రకాల తోడునూ దగ్గర నుంచి చూశాను. పురపాలక పాఠశాలలో పాఠాలు చెప్పి రిటైరైన నాకు వైద్యం తెలియదు. కనుక ఇక్కడ నేను తూచేది వైద్యాన్ని కాదు, ఇంటి గడప నుంచి డాక్టరు ఎదుటి కుర్చీ దాకా, మళ్లీ అక్కడి నుంచి మందులతో ఇంటి దాకా ఉన్న దారిని.

విశాఖపట్నంలో వైద్యానికి కొదవ ఉందని ఎవరూ అనలేరు. 1923 నాటి కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) ఉంది. హనుమంతవాక దగ్గర 2016లో తెరిచిన ప్రభుత్వ పెద్దాసుపత్రి విమ్స్ ఉంది. కంటికి అక్కడే ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్యశాల, వేపగుంట వైపు శంకర్ ఫౌండేషన్ ఆసుపత్రి ఉన్నాయి. కార్మిక కుటుంబాలకు మల్కాపురం ఈఎస్ఐ ఆసుపత్రి, బస్తీల్లో బీపీ, షుగరు మాత్రలు ఉచితంగా ఇచ్చే పట్టణ ఆరోగ్య కేంద్రాలు ఉన్నాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో వృద్ధులకు వేరే వరుస ఏర్పాటు చేయాలని తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లోనే 20వ సెక్షన్‌లో రాసింది. ఇన్ని ఉన్నా మా వీధిలో 65 దాటినవారిలో సగం మంది నెలనెలా వెళ్లవలసిన చోటికి ఆరు నెలలకు ఒకసారైనా వెళ్లేవారు కారు. అడిగితే ప్రతివారూ ఒక కారణం చెప్పేవారు: ఒకరికి ఎత్తు ఎక్కలేని మోకాళ్లు, ఒకరికి ఏ కౌంటరులో ఏమి అడగాలో తెలియని బెదురు, ఇంకొకరికి "నాకోసం ఎవరు సెలవు పెడతారు" అన్న మొహమాటం. స్టీల్ ప్లాంటు, పోర్టు, షిప్‌యార్డు, రైల్వేల్లో జీవితమంతా పనిచేసి ఇక్కడే ఇల్లు కట్టుకున్న తరం ఇది. వాళ్ల పిల్లలు చాలామంది హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్నారు.

దూరాన ఉన్న పిల్లలు

పిల్లల వల్ల జరిగే పనుల్లో కొన్ని మరెవరి వల్లా జరగవు. ఆపరేషను చేయించాలా వద్దా అన్న నిర్ణయం, పెద్ద ఖర్చు, బీమా కాగితాలు, ఆసుపత్రి యాజమాన్యంతో గట్టిగా మాట్లాడవలసిన సందర్భం, ఇవన్నీ వాళ్ల బాధ్యతలే. 70 దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స ఇచ్చే ఆయుష్మాన్ వయోవందన కార్డును 2024 అక్టోబరు 29న కేంద్రం ప్రారంభించినప్పుడు, మా వీధిలో చాలామందికి ఆ వార్త మొదట చేరింది పిల్లల ఫోన్ల ద్వారానే. అయితే ఆ కార్డు ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సకే వర్తిస్తుంది. నెలనెలా ఓపీకి వెళ్లి బీపీ చూపించుకోవడానికి, మాత్రలు తెచ్చుకోవడానికి దానితో పని లేదు. మా వీధి పెద్దలు ఆగిపోతున్నది ఆ ఓపీ దగ్గరే.

ఫోను దారి చాలా సులువు చేసింది, అందులో సందేహం లేదు. ఓపీ దగ్గర అతికించిన క్యూఆర్ కోడును ఆభా అనే ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య ఖాతాతో స్కాన్ చేస్తే పేరు, వయసు మళ్లీ చెప్పనవసరం లేకుండా టోకెను వస్తుంది. ఇంట్లోంచే డాక్టరుతో మాట్లాడడానికి ఈ-సంజీవని ఉంది. కానీ వీడియోలో మాట్లాడే డాక్టరుకు కాలి వేళ్ల మధ్య పుండు కనిపించదు, అది కనిపించాలంటే ఎవరో వంగి చూపించాలి. కొడుకు కూడా వీడియో కాల్‌లో ఉన్నప్పుడు డాక్టరు కొడుకుతోనే మాట్లాడతాడు. ఎదురుగా కూర్చున్న తల్లి వింటూ ఉంటుంది, ఆమెను అడిగిన ప్రశ్నకు కూడా కొడుకే జవాబు చెబుతాడు.

పెద్దవాళ్లు పిల్లల దగ్గర దాచే సంగతులు కూడా ఉన్నాయి, ఇది ఇంతకన్నా బరువైన విషయం. దగ్గితే చీర తడిసిపోవడం, నాలుగు రోజులుగా విరేచనం కాకపోవడం, స్నానాల గదిలో పడి లేచిన సంగతి, రాత్రంతా నిద్ర లేక పోయిన భర్తను తలచుకుంటూ కూర్చోవడం, వీటిలో ఏ ఒక్కటీ అప్ప కొడుకుకు చెప్పలేదు. కొడుకుకు చెబితే బెంగపడతాడు, కోడలికి చెబితే చిన్నతనం. చెప్పని బాధకు మందు రాసే డాక్టరు ఎక్కడా ఉండడు.

జీతం ఇచ్చి పెట్టుకునే మనిషి

మా అమ్మ ఆఖరి నాలుగు నెలల్లో ఒక సంస్థ ద్వారా మనిషిని పెట్టుకున్నాం. ఆ నాలుగు నెలల్లో ముగ్గురు మారారు. మొదటి ఇద్దరికీ అమ్మ ఏ మాత్ర ఎప్పుడు వేసుకుంటుందో అలవాటు అయ్యేలోపే వాళ్ల డ్యూటీ వేరే ఇంటికి మార్చారు. మూడో ఆమె శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన యువతి. రెండు గంటలకు ఒకసారి అమ్మను పక్కకు తిప్పుతూ, మడమల కింద మెత్తటి గుడ్డ పెడుతూ, ఒంటి మీద ఒక్క పుండు పడకుండా కాపాడింది. ఆ పని నా వల్ల అయ్యేది కాదు, నా ఈడు స్నేహితురాళ్లెవరి వల్లా అయ్యేది కాదు. మంచం పట్టినవారికి, తుంటి ఎముక విరిగినవారికి, మతిమరుపు ముదిరి మనుషులను గుర్తుపట్టనివారికి శిక్షణ పొందిన మనిషి కన్నా మేలైనది లేదని ఆమెను చూసి నేర్చుకున్నాను.

అయితే నడవగలిగి, తన పని తాను చేసుకోగలిగి, ఆసుపత్రికి మాత్రం ఒంటరిగా వెళ్లడానికి వెనుకాడే వ్యక్తికి ఈ ఏర్పాటు సరిపోదు. మొదటి అడ్డంకి డబ్బు. ఎన్టీఆర్ భరోసా వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి నెలకు 4000 రూపాయలు. ఉద్యోగుల పింఛను పథకంలో కనీస మొత్తం 2014 నుంచి 1000 రూపాయలే. ఈ ఆదాయాల మీద బతికే ఇంట్లో మనిషిని పెట్టుకునే ఊసే రాదు. రెండో అడ్డంకి, జీతం మనిషి సాధారణంగా డాక్టరు గది బయటే ఆగిపోతుంది. లోపల ఏమి చెప్పారో తెలుసుకోవడం తన పని అని ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు.

ఆశా కార్యకర్త, ఏఎన్ఎం

ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్త, ఆరోగ్య కేంద్రంలో నర్సు పని చేసే ఏఎన్ఎం, ప్రభుత్వ వ్యవస్థలో పెద్దల గడపకు అన్నింటికన్నా దగ్గరగా ఉన్నది వీళ్లే. బీపీ చూసే మిషను, రోగుల జాబితా, పైఆసుపత్రికి పంపే చీటీ రాయించే వీలు వీళ్ల చేతిలో ఉన్నాయి. తోటి పెద్దలు ఎంత మంచివారైనా వీటిలో ఒక్కటి కూడా వారి దగ్గర ఉండదు. 2013లో వచ్చిన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ ప్రకారం ఒక ఆశా కార్యకర్తకు 200 నుంచి 500 ఇళ్లు ఉంటాయి. గర్భిణులు, బాలింతలు, టీకాలు, జ్వరాల సర్వేలు అన్నీ ఆమెవే. ఆమె మా వీధిలోకి వచ్చి "పిన్నిగారూ, గురువారం సెంటరుకు రండి, షుగరు చూస్తారు" అని చెప్పగలదు, తప్పకుండా చెబుతుంది కూడా. కానీ గురువారం ఉదయం తాళం వేయించి, ఆటో ఎక్కించి, వరుసలో మూడు గంటలు పక్కన కూర్చోవడానికి ఆమెకు వీలు ఎక్కడిది? ఆ లోటు ఆమె శ్రద్ధలోది కాదు, ఆమె మీద పెట్టిన ఇళ్ల లెక్కలోనే ఉంది.

ఆమె రాలేని రోజు 14567 ఎల్డర్‌లైన్ నంబరుకు ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు ఫోను చేయవచ్చు. సమాచారానికి అది మంచిదే, చేయి పట్టుకుని మెట్టు దించడానికి కాదు.

తోటి పెద్దలు

అప్పకు బెల్లం పెట్టిన ఆవిడ ఎవరో మాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఆమె చేసిన పనినే మేము ఐదుగురం కలిసి ఒక పద్ధతిగా చేయాలనుకున్నాం. ఇందులో కొత్తదనమేమీ లేదు. డ్వాక్రా సంఘాల్లో పొదుపు చేసిన ఆడవాళ్లకు, ఒకరి అప్పుకు మరొకరు పూచీ ఉండడం ఎలాగో ముప్పై ఏళ్లుగా తెలుసు. ఒకరి ఓపీకి మరొకరు పూచీ ఉండడం దానికన్నా కష్టమైన పని కాదనిపించింది. ఆసుపత్రికి ఎప్పుడూ ఇద్దరు కలిసి వెళ్లాలి. వారిలో ఒకరు అదే జబ్బుతో ఆ దారిలో ముందు నడిచినవారై ఉండాలి. మా నియమం ఇంతే.

ఈ పద్ధతిలో నాకు కనిపించిన మొదటి లాభం మాట. ఇందాక చెప్పిన చీర తడిసిపోయే సంగతి అప్ప నాకు చెప్పింది ఆటోలో, అదీ నాకు కూడా ఆ ఇబ్బంది ఉందని నేను ముందు చెప్పిన తరువాత. సెంటరులో డాక్టరమ్మ ముందు కూర్చున్నప్పుడు ఆమె మళ్లీ మౌనంగా ఉండిపోతే, నేను మోకాలు తట్టాను. అప్పుడు చెప్పింది. మూత్రపరీక్ష చేయించారు, బిగించి వదిలే కండరాల వ్యాయామం నేర్పించారు. ఏడేళ్లుగా పెళ్లిళ్లకు వెళ్లడం మానుకున్న మనిషి కిందటి మాఘమాసంలో సింహాచలంలో మనవరాలి పెళ్లికి రెండు రోజులు ఉండి వచ్చింది.

రెండో లాభం కళ్లు. కంచరపాలెం మెట్టు దగ్గర ఉండే ఒకావిడకు కాళ్లు వాచిపోతుంటే వయసు వల్లనని అందరూ అనుకున్నారు. మా పద్ధతి ప్రకారం ఆమె ఇంట్లో చాప పరిచి, మందుల సంచిని దాని మీద బోర్లించాం. పదకొండు మాత్రల అట్టలు బయటపడ్డాయి. దుకాణంలో ఐదూ ఆరూ కత్తిరించి ఇచ్చిన ముక్కలు కొన్ని, వాటి మీద పేరు సగమే మిగిలింది. మాలో ఒకరు భూతద్దం పెట్టి చిన్న అక్షరాలు చదువుతూ పోయి ఒక చోట ఆగింది. ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇచ్చిన అట్ట మీదా, బయట కొన్న మరో కంపెనీ అట్ట మీదా కింద ఒకే మాట ఉంది: ఆమ్లోడిపిన్. పేర్లు వేరు, రంగులు వేరు, మందు ఒకటే. ఆవిడ రెండూ వేసుకుంటోంది. ఆ మందు మోతాదు ఎక్కువైతే కాళ్లు వాస్తాయని తరువాత డాక్టరు చెప్పారు. ఆ రోజు మేము ఏ మాత్రనూ మానమని చెప్పలేదు. రెండు అట్టలనూ రబ్బరు బ్యాండుతో కట్టి, మరునాడు ఉదయమే ఆవిడతో పాటు ఏఎన్ఎం దగ్గరకు వెళ్లాం. డాక్టరు ఒకటి ఆపించారు, వాపు తగ్గింది.

మూడోది ధైర్యం. అప్ప మూడేళ్లు కంటి శుక్లం ఆపరేషనుకు ఒప్పుకోలేదు. కొడుకు చెప్పాడు, ఆశా కార్యకర్త చెప్పింది, నేనూ చెప్పాను. చివరికి ఒప్పించినది ఆపరేషను అయి నెల తిరిగిన మరో ఆవిడ. ఆమె ఏమీ బోధించలేదు. అప్ప ఇంటి వరండాలో కూర్చుని, చేటలో బియ్యం పోసుకుని, కళ్లజోడు లేకుండా రాళ్లు ఏరి ఒక్కొక్కటే అప్ప అరచేతిలో పెట్టింది. ఆ వారమే అప్ప కంటి ఆసుపత్రికి బయలుదేరింది.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం వల్ల ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టుకు డబ్బు లేదు, ఆధార్ చూపిస్తే చాలు. తోడు వెళ్లేవారి చార్జీ ఎవరు పెట్టుకోవాలన్న ఇబ్బంది ఆడవాళ్ల వరకు దానితో తీరిపోయింది. బస్సు దిగిన తరువాత ఎత్తు ఎక్కడానికి మాత్రం ఆటో తప్పదు, దానిని ఇద్దరం పంచుకుంటాం.

మగవారి సంగతి వేరు. బీచ్ రోడ్డులో తెల్లవారుజామున నడిచే పెద్దమనుషుల గుంపులను చూస్తే, తోటివారి తోడు అక్కడ ఎప్పటి నుంచో ఉందనిపిస్తుంది. కానీ ఆ మాటల్లో ఎక్కువ భాగం రాజకీయాలు, పింఛను బకాయిలు. ఎవరికి ఏ మాత్ర పడడం లేదో, ఎవరికి రాత్రి మూత్రానికి నాలుగుసార్లు లేవవలసి వస్తోందో ఆ గుంపులో బయటికి రాదు. మావారిని, ఆయన స్నేహితులను "తోడుగా రండి" అని పిలిస్తే ఎవరూ కదలలేదు. "టోకెను వరుసలో మీరు నిలబడాలి, ఫారం మీరు నింపాలి" అని పని అప్పగిస్తే ముగ్గురు వచ్చారు. ఆ ముగ్గురిలో ఒకరికి బీపీ 180 ఉన్నట్టు, అసలు వేరొకరి కోసం వచ్చిన రోజునే తేలింది.

తోటివారి తోడులో ఉన్న ప్రమాదాలు

ఇవి చెప్పకపోతే తూకం సరిగా ఉండదు. "నా మోకాళ్లకు ఇది బాగా పనిచేసింది, రెండు నీకూ ఇస్తాను" అన్న మాట ప్రేమతో వచ్చేదే. కానీ ఆ మాత్ర డైక్లోఫెనాక్ అయితే, పుచ్చుకునే మనిషికి బీపీ ఉంటే, మూత్రపిండాలు అప్పటికే బలహీనంగా ఉంటే, ఆ రెండు మాత్రలు మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తాయి. మా ఐదుగురిలోనే ఇది ఒకసారి జరిగింది. అందుకే ఒకరి మాత్ర మరొకరి చేతికి వెళ్లకూడదన్నది మా వద్ద సడలింపు లేని కట్టుబాటు. ఆధార్ నంబరు, ఓటీపీ, పింఛను డబ్బు తోడు వచ్చినవారి చేతికి ఇవ్వకూడదు, అడగకూడదు. డాక్టరు గదిలో విన్నది వీధి కొళాయి దగ్గర మాట్లాడకూడదు. ఈ మూడోదాన్ని నిలబెట్టుకోవడం మిగిలిన రెండింటి కన్నా కష్టమని, ఒకరు నొచ్చుకుని మా నుంచి విడిపోయిన తరువాతే తెలిసింది.

తోడు వచ్చేవారికీ వయసు ఉంది. 70 ఏళ్ల మనిషి 75 ఏళ్ల మనిషిని పట్టుకుని ఎన్ఏడీ కూడలిలో రోడ్డు దాటడం నిజంగా భయమే. నడుస్తూ తూలేవారిని, కళ్లు తిరిగి పడిపోయిన చరిత్ర ఉన్నవారిని మేము ఒంటరిగా తీసుకువెళ్లం. వాళ్లకు ఇంట్లో వయసులో ఉన్నవారెవరైనా రావలసిందే.

మూతి వంకరపోవడం, ఒక చేయి పడిపోవడం, మాట తడబడడం, గుండెల్లో నొప్పితో చెమట పట్టడం, ఇటువంటప్పుడు ఎవరి తోడు మేలు అన్న ప్రశ్నే తప్పు. 108కి ఫోను చేయాలి. పక్షవాతంలో మెదడు రక్తనాళంలోని గడ్డను కరిగించే ఇంజెక్షను సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. కొడుకు ఫోను ఎత్తేదాకానో, స్నేహితురాలు చీర మార్చుకుని వచ్చేదాకానో ఆగకూడదని మా నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాం.

ఇటువంటి పని పెద్ద ఎత్తున జరిగిన చోట్ల ఏమి తేలిందో కూడా చూడాలి. జింబాబ్వేలో మానసిక వైద్యుడు డిక్సన్ చిబాండా 2006లో 14 మంది నాయనమ్మ, అమ్మమ్మల ఈడు ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చి, ఆరోగ్య కేంద్రాల ఆవరణలో ఒక బల్ల వేసి కూర్చోబెట్టాడు. దిగులుతో వచ్చినవారు వాళ్ల పక్కన కూర్చుని మాట్లాడేవారు. రాజధాని హరారేలోని 24 కేంద్రాల్లో 573 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు 2016లో వెలువడ్డాయి. మామూలు సేవలు పొందినవారి కన్నా ఆ బల్ల మీద కూర్చున్నవారిలో ఆరు నెలల తరువాత దిగులు లక్షణాలు బాగా తగ్గాయి. కేరళలో తోటివారే నాయకులుగా 60 పోలింగు ప్రాంతాల్లో 1007 మందితో రెండేళ్లు నడిపిన షుగరు నివారణ కార్యక్రమంలో మాత్రం, కొత్తగా షుగరు వచ్చినవారి సంఖ్యలో తేడా గణాంకపరంగా నిలబడేంత పెద్దది కాలేదు. అది 30 నుంచి 60 ఏళ్లవారి మీద జరిగింది కాబట్టి మా పనికి నేరుగా అన్వయించదు. అయినా తోటివారు ఉంటే చాలు, జబ్బు అదే తగ్గుతుందని అనుకోకూడదని దానిని చదివినప్పుడు అనుకున్నాను. హరారేలో బల్ల వేసింది వీధిలో కాదు, ఆరోగ్య కేంద్రం ఆవరణలో. కూర్చున్నవారికి శిక్షణ ఉంది, వెనుక చూసుకునేవారు ఉన్నారు. నా దృష్టిలో ఆ పని నిలబడడానికి సగం కారణం అదే.

నా తూకం

నడవగలిగే పెద్దలకు నెలవారీ బీపీ, షుగరు, కళ్లు, పళ్లు, చెవుల విషయంలో తోటివారి తోడే మేలు, అయితే ఆ జంట పేర్లు ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు తెలిసి ఉండాలి. వాళ్లతో ముడిపడని తోడును నేను సిఫారసు చేయను, ఎందుకంటే ఆమ్లోడిపిన్ అట్టలు గుర్తుపట్టిన మేమే మరో రోజు డైక్లోఫెనాక్ పంచుకున్నాం. ఆపరేషను, పెద్ద ఖర్చు, ఆసుపత్రిలో చేరడం వచ్చినప్పుడు పిల్లలు రావాలి, ఫోనులో కాదు, మనిషిగా. మంచం పట్టిన తరువాత, స్తోమత ఉంటే జీతం మనిషే. స్తోమత లేని ఇంటికి ఈ నాలుగింటిలో ఏదీ సరిపోదు, ఆ లోటును స్నేహితులు పూడ్చగలరని చెప్పడం అన్యాయం. అది ప్రభుత్వం పూడ్చవలసినది.

పిల్లలకు ఒక మాట. అమ్మకు తోడు వచ్చే స్నేహితురాలి నంబరు మీ ఫోనులో ఉంచుకోండి. ఆమెను నెలకొకసారి పలకరించండి, ఆమె ఆటో చార్జీ అమ్మ చేతికి పంపండి. అప్ప కొడుకు ఇప్పుడు ఆ మూడూ చేస్తున్నాడు. టోకెను ఇప్పటికీ అతడే తీస్తాడు, ఎందుకంటే మా ఐదుగురిలో ఎవరికీ ఆ పని అంత చక్కగా రాదు.

ప్రభుత్వం వైపు నుంచి చేయదగినవి చిన్న పనులే. పట్టణ ఆరోగ్య మిషన్ కింద 50 నుంచి 100 ఇళ్లకు ఒక మహిళా ఆరోగ్య సమితి ఉండాలి. ఆ సమితుల్లో 60 దాటినవారికి ఇద్దరికి చోటు ఇస్తే కొత్త సంఘం పెట్టే పని ఉండదు. పింఛను ఇవ్వడానికి సచివాలయ సిబ్బంది ఒకటో తారీఖున ప్రతి పెద్ద మనిషి గుమ్మం ముందుకు వస్తున్నారు. "కిందటి నెల ఆసుపత్రికి వెళ్లారా, ఎవరితో వెళ్లారు" అన్న ఒక్క ప్రశ్న వాళ్లు అడిగి రాసుకుంటే, ఎవరూ తోడు లేని ఇళ్లు ఏవో నెల తిరిగేలోపే తెలుస్తుంది. ఓపీ గదిలోకి వృద్ధులతో పాటు మరొకరిని రానివ్వాలన్న సూచన గుమ్మం దగ్గర కూర్చునే సిబ్బందికి రాతపూర్వకంగా ఉండాలి. "ఒక్కరే లోపలికి" అని ఆపిన రోజున మా పని సగం చెడిపోతుంది.

మొదలుపెట్టాలనుకునేవారికి మా అనుభవంలో పనికివచ్చిన సామాను పెద్దగా ఏమీ లేదు: ఒక గీతల నోటుపుస్తకం, పాత చీటీలన్నీ తేదీల వరుసలో పెట్టిన ఒక ఫైలు, భూతద్దం, మంచినీళ్ల సీసా, పరీక్ష అవగానే తినడానికి డబ్బాలో రెండు ఇడ్లీలు. డాక్టరును అడగవలసిన మూడు ప్రశ్నలు ముందురోజు రాత్రే నోటుపుస్తకంలో రాసుకోవాలి, మూడుకు మించితే ఒక్కటీ సరిగా అడగలేం. గదిలోంచి బయటికి రాగానే, అక్కడే బల్ల మీద కూర్చుని, చెప్పినవన్నీ ఇద్దరూ సరిచూసుకుని రాసుకోవాలి. ఇంటికి వచ్చి రాద్దామనుకున్న ప్రతిసారీ ఒక మాత్ర సంగతి మరిచిపోయాం.

వచ్చే గురువారం మా వీధికి కొత్తగా వచ్చిన ఒకావిడకు పరగడుపు పరీక్ష ఉంది. ఆమెకు ఈసారి అప్పే తోడు వెళ్తోంది. పరీక్ష రోజు ఉదయం షుగరు మాత్ర వేసుకోవాలా, పరీక్ష అయి తిన్న తరువాత వేసుకోవాలా అని అప్ప నిన్ననే ఏఎన్ఎంను అడిగి, ఆమె డాక్టరును కనుక్కుని చెప్పిన జవాబును నోటుపుస్తకంలో నా చేత రాయించింది. సాయంత్రం కొట్టుకు వెళ్లినప్పుడు పావుకిలో బెల్లం కొని, సగం ఆవిడకు ఇచ్చి వచ్చింది.